అత్తగారు సూది వద్దంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర చిన్న టౌన్. ఇంట్లో నేను, మా ఆయన, మూడేళ్ల పాప, షుగరూ బీపీ ఉన్న 67 ఏళ్ల అత్తగారు. నాకిప్పుడు నాలుగో నెల. పోయిన ఆగస్టులో పాప ప్లేస్కూల్ నుంచి జలుబు, జ్వరం తెచ్చింది, వారం తిరిగేసరికి ఇల్లంతా మంచం పట్టాం. దగ్గర్లో చూపిస్తే రెండో రోజే రక్తపరీక్ష చేయించి టైఫాయిడ్ అన్నారు, అందరికీ యాంటీబయాటిక్స్ ఇచ్చారు, అత్తగారికి మూడు రోజులు ఇంజెక్షన్లు, గ్లూకోజ్ బాటిళ్లు. ఆవిడ షుగర్ 400 దాటి చివరికి ఖమ్మంలో అయిదు రోజులు అడ్మిట్ చేయాల్సి వచ్చింది. ఈసారి ముందే ఫ్లూ టీకా వేయిద్దామంటే, "కరోనాకి మూడు సూదులు పొడిపించుకున్నా, ఇంకొకటి నావల్ల కాదు" అంటున్నారు. మా ఆయనకేమో ఆఫీసులో ఫ్లూ టీకా వేశారు, రెండు నెలలకే జలుబు చేసింది, అందుకని అదంతా డబ్బు దండగ అంటారు. పాప టీకాల కార్డులో 'ఇన్‌ఫ్లుయెంజా బి' అని మూడు టిక్కులున్నాయి, అది చాలదా? కడుపుతో ఉన్న నేను వేయించుకోవచ్చా? జ్వరం వస్తే ఇంట్లో ఏం వాడాలి? ఇంకోటి, పాపకి జలుబు చేస్తే పెరుగు పెట్టాలా వద్దా అని మా ఇంట్లో రోజూ గొడవే.

సమాధానం: ముందు మీ ఆయన సంగతి తేలుద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో టీకాకి అడ్డం పడుతున్నది అత్తగారి కన్నా ఆయన అనుభవమే అని నా అనుమానం. టీకా వేయించుకున్న కొడుక్కే జలుబు చేశాక ఏ తల్లి మాత్రం చెయ్యి చాపుతుంది?

జలుబు తెచ్చే వైరస్‌లు రెండొందలకి పైగా ఉన్నాయి. ఫ్లూ టీకా వాటిలో దేన్నీ ఆపదు, ఆపుతానని ఎప్పుడూ చెప్పలేదు కూడా. అది పనిచేసేది ఇన్‌ఫ్లుయెంజా అనే ఒక్క వైరస్ కుటుంబం మీద, అందులోనూ ఆ ఏడాది తిరుగుతాయని అంచనా వేసిన మూడు నాలుగు రకాల మీద మాత్రమే. మీ ఆయనకి రెండు నెలలకి వచ్చింది ముక్కు కారి, నాలుగు తుమ్ములు తుమ్మి, ఆఫీసుకి వెళ్తూనే తగ్గిపోయిన జలుబు అయితే దానికీ టీకాకీ సంబంధం లేదు. ఫ్లూ వస్తే ఆయనకే తెలిసేది. పొద్దున టిఫిన్ చేసి బండి మీద వెళ్లిన మనిషి సాయంత్రం గేటు తీయడానికి ఓపిక లేక అక్కడే నిలబడిపోతాడు, వొళ్లంతా రోకలితో దంచినట్టు ఉంటుంది, ఎండాకాలంలో కూడా దుప్పటి అడుగుతాడు, 102, 103 జ్వరం, పొడి దగ్గు. జలుబు మెల్లగా మొదలవుతుంది, ఫ్లూ మీద పడుతుంది. పల్లెల్లో పెద్దవాళ్లు 'విషజ్వరం' అనేసే వాటిలో ఫ్లూ కూడా ఉంటుంది.

అలాగని టీకా వేయించుకుంటే ఫ్లూ రానే రాదని కూడా చెప్పను. ఆ ఏడాది వైరస్‌కీ టీకాకీ బాగా పొత్తు కుదిరితే 40 నుంచి 60 శాతం రక్షణ. అంటే టీకా లేనివాళ్లలో పదిమంది ఫ్లూతో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సి వస్తే, వేయించుకున్నవాళ్లలో నలుగురో, ఆరుగురో వెళ్తారు. ఇంతేనా అనిపిస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించేది. కానీ వచ్చిన ఫ్లూ కూడా ఆసుపత్రి మంచం దాకా, ఐసీయూ దాకా వెళ్లడం తగ్గుతుంది, అసలు లాభం అక్కడ. మీ ఆయన వయసు వాడికి ఆ తేడా పెద్దగా తెలియదు, వారం పడుకుని లేస్తాడు. ఆ తేడా తెలిసేది మీ అత్తగారికి, పాపకి, మీకు. డబ్బు చూసుకుని ముగ్గురికే వేయించగలమంటే మీ ముగ్గురికే వేయించండి, ఆయనకి మానేయండి.

ఇక అత్తగారు. కరోనా టీకా ఫ్లూకి పనికిరాదు, అది వేరే వైరస్. ఫ్లూ వైరస్ ఏడాదికేడాది కొంచెం కొంచెం రూపు మార్చుకుంటుంది, టీకా ఇచ్చిన బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే ఇది ప్రతి ఏడూ వేయించుకోవాలి, ఒకసారితో అయ్యేది కాదు. స్వైన్ ఫ్లూ ఆవిడకి బాగా గుర్తుండే ఉంటుంది. మన దేశంలో మొట్టమొదటి కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, 2009 మే నెలలో, అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగిన ప్రయాణికుడికి. స్వైన్ ఫ్లూ తెచ్చిన ఆ హెచ్1ఎన్1 వైరస్ ఎక్కడికీ పోలేదు, ఇప్పుడు మామూలు సీజన్ ఫ్లూలో ఒకటై మన మధ్యే తిరుగుతోంది. 2015లో మళ్లీ విజృంభించి దేశంలో దగ్గర దగ్గర మూడు వేల మందిని తీసుకుపోయింది. టీవీలో ఆ పేరు వినపడకపోతే జబ్బే లేదనుకుంటాం, అంతే.

షుగర్ ఉన్నవాళ్లకి ఫ్లూ వస్తే రెండు వైపులా దెబ్బ. జ్వరంతో షుగర్ ఎగుస్తుంది, ఎగిసిన షుగర్‌తో ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరే ప్రమాదం పెరుగుతుంది. బీపీ ఉన్నవాళ్ల విషయంలో చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది, గుండె. కెనడాలో చేసిన ఒక అధ్యయనం 2018లో అచ్చయింది, పరీక్షలో ఫ్లూ అని తేలినవాళ్లకి మొదటి వారం రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం మామూలు రోజుల కన్నా ఆరు రెట్లు ఉందని అందులో తేలింది. జ్వరం తగ్గుముఖం పట్టిందనుకున్న రోజున 'ఉన్నట్టుండి హార్ట్ ఎటాక్ వచ్చింది' అనే మాట మీరూ ఎక్కడో వినే ఉంటారు.

ఆవిడ భయం వెనక ఉన్నది బహుశా 'సూది వేస్తే జ్వరం వస్తుంది' అనే మాట. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు, కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. చెయ్యి ఒక రోజు నొప్పి పెడుతుంది, కొందరికి ఆ రాత్రి వొళ్లు కాస్త వెచ్చబడుతుంది, ఒక పారాసిటమాల్‌తో పోతుంది. టీకా పని మొదలవడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా ఎవరి దగ్గరో అంటుకుని జ్వరం వస్తే నింద మాత్రం సూది మీద పడుతుంది. గతంలో ఇదే టీకాకి వొళ్లంతా దద్దుర్లొచ్చి ఊపిరాడని పరిస్థితి వచ్చి ఉంటే తప్ప వద్దనడానికి పెద్దగా కారణాలు లేవు. షుగర్ ఎక్కువగా ఉందని ఆపక్కర్లేదు, గుడ్డు పడదని కూడా ఆపక్కర్లేదు. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే సూది వేసిన చోట కాసేపు ఎక్కువగా నొక్కి పట్టుకోమనండి, అంతే. వేయించాక ఒక అరగంట అక్కడే కూర్చోమనండి, ఏ టీకాకైనా అది మంచి అలవాటు.

ఒప్పించడం ఎలా అంటారా. నా దగ్గరకొచ్చే పెద్దవాళ్లకి ఆరు రెట్లు, 60 శాతం అని చెప్తే ఫ్యాను వైపు చూస్తూ కూర్చుంటారు. ఒకావిడ మూడేళ్లు వరసగా వద్దని వెళ్లిపోయింది. నాలుగో ఏడు కోడలు నెలలు నిండి ఉంది. "పుట్టే బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా ఈ టీకా వేయడానికి లేదమ్మా, అప్పటిదాకా ఎత్తుకునేవాళ్లు జాగ్రత్తగా ఉండటమే" అన్నాను. ఆవిడ ఒక్క ముక్క మాట్లాడకుండా జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. మీ ఇంట్లోనూ అదే పరిస్థితి కదా, ఈ ఏప్రిల్‌లో నాలుగో నెల అంటే మీ కాన్పు సెప్టెంబరు, అక్టోబరు ప్రాంతంలో, మన దగ్గర ఫ్లూ బాగా తిరిగే వానాకాలం చివర్లో. ఆవిడ కోసం అని కాకుండా మనవడో మనవరాలో కోసం అని అడిగి చూడండి.

మీరు వేయించుకోవచ్చు, తప్పకుండా వేయించుకోండి. ఏ నెలలో అయినా ఫరవాలేదు. గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ మామూలుగా ఉండదు, 2009లో అది అందరూ చూశారు. పైగా మీ ఒంట్లో తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకి వెళ్తుంది. టీకాకి నోచుకోని ఆ మొదటి ఆరు నెలలూ బిడ్డని కాసేది అదే. ఒక్క జాగ్రత్త, ముక్కులో కొట్టే స్ప్రే టీకా ఒకటి ఉంది, అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది, గర్భిణులు అది తీసుకోకూడదు. ఏఎన్ఎం వేసే టీడీ సూది ధనుర్వాతం, కంఠసర్పి కోసం. అది వేశారు కదా అని దీన్ని వదిలేయకండి. మీ గైనకాలజిస్టుకి ముందే చెప్పండి, చాలామంది అడిగితేనే రాస్తారు.

పాప కార్డులో ఉన్నది ఫ్లూ టీకా కాదు. ఈ తికమక మీ ఒక్కరిదే కాదు, చదువుకున్న తల్లిదండ్రులు వారానికి ఒకరైనా నన్ను ఇది అడుగుతారు. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా బి అనేది ఒక బ్యాక్టీరియా, చిన్నపిల్లల్లో నిమోనియా, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) తెస్తుంది. 1890లలో ఫ్లూ వచ్చినవాళ్ల గొంతులో అది కనపడితే ఫ్లూ తెచ్చేది ఇదేననుకుని ఆ పేరు పెట్టేశారు. తర్వాత తప్పని తేలింది, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్‌లో ఉండేది దీని టీకాయే. చాలా మంచి టీకా, కానీ ఫ్లూకి సంబంధం లేదు. ఫ్లూ టీకా ప్రభుత్వ ఉచిత పట్టికలో లేదు, డబ్బు పెట్టి వేయించుకోవాల్సిందే.

పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, ఆరు నెలల నుంచి అయిదేళ్ల దాకా పిల్లలకి ఏటా ఈ టీకా వేయించమంటుంది. మొదటిసారి వేయించే ఏడాది మాత్రం నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి, ఒక్కటి వేయించి ఊరుకుంటే పాప ఒంటికి వైరస్‌ని గుర్తుపట్టడం సరిగ్గా రాదు. ఆ తర్వాతి ఏడు నుంచి ఒక్కటే.

ఎప్పుడు అంటే, ఇప్పుడే. అమెరికాలో ఉన్న చుట్టాలు అక్టోబరులో వేయించుకుంటున్నారని మనవాళ్లూ అక్టోబరు దాకా ఆగుతారు. వాళ్లకి ఫ్లూ చలికాలం జబ్బు. మనకి ప్రధానంగా వానాకాలం జబ్బు, జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆపైన జనవరి నుంచి మార్చి మధ్యలో ఇంకో చిన్న అల. తేలిగ్గా గుర్తుండాలంటే, ఆవకాయ పెట్టే రోజుల్లో టీకా కూడా అయిపోవాలి. పాపకి రెండు డోసులు కాబట్టి ఏప్రిల్‌లో ఒకటి, మే చివరికి రెండోది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికి, ఏ రకాలు పెట్టాలో చెప్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మనకి దొరికే వాటిలో కొత్తది ఈ దక్షిణార్ధగోళం టీకా. డబ్బా మీద ఆ ముక్క, ఏ సంవత్సరానిదో, రెండూ రాసి ఉంటాయి, చదివి తీసుకోండి. నిరుటి సరుకు అయితే వద్దనండి.

ధర కంపెనీని బట్టి సుమారు పదిహేను వందల నుంచి రెండు వేల పైచిలుకు దాకా ఉంటుంది. నాలుగు రకాలది మంచిదా, మూడు రకాలదా అని అడుగుతారు. ఫ్లూ వైరస్‌లోని బి రకంలో యమగాటా అనే ఒక శాఖ 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా కనపడలేదు, కాబట్టి మూడు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నాలుగోది దొరకలేదని ఊళ్లు తిరగకండి, ఏది తాజాగా దొరికితే అది. మెడికల్ షాపులో కొని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేటట్టయితే మాత్రం ఐస్‌ప్యాక్ పెట్టిన డబ్బాలోనే. అది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. క్యారీబ్యాగ్‌లో వేసుకుని ఏప్రిల్ ఎండలో బండి మీద అరగంట తిరిగిన టీకా గురించి నేనేమీ హామీ ఇవ్వలేను. డీప్ ఫ్రీజర్‌లో పెట్టి గడ్డ కట్టించినా అంతే, పారేయాల్సిందే.

పోయిన ఆగస్టు సంగతికొస్తే, నాకు కొంచెం కోపం వచ్చింది, దాచుకోను. ఒక ఇంట్లో ముందు పాపకి ముక్కు కారి జ్వరం వచ్చి, వారంలో వరసగా మిగతా ముగ్గురూ పడిపోతే అది టైఫాయిడ్ తీరు కాదు. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లతో, తిండితో వస్తుంది, జ్వరం రోజురోజుకీ మెట్లెక్కినట్టు ఎక్కుతుంది, ముక్కు కారడం దాని లక్షణం కాదు. మీకు చేసింది వైడాల్ పరీక్ష అయి ఉంటుంది. గతంలో ఎప్పుడో టైఫాయిడ్ సోకినవాళ్లకీ, వేరే జ్వరాలున్నవాళ్లకీ కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. నిజంగా టైఫాయిడే అయితే రెండో రోజున దానిలో ఇంకా తేలకపోవచ్చు కూడా. అనుమానం ఉంటే చేయాల్సింది రక్తంలోని క్రిములని పెంచి చూసే బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు. మన టౌన్లలో ఏ జ్వరం వచ్చినా వైడాల్ చీటీ చేతికి వస్తుంది, సగం మందికి జీవితంలో నాలుగైదుసార్లు 'టైఫాయిడ్' వచ్చి ఉంటుంది. నా మొదటి రోజుల్లో నేనూ అలా రాసిన చీటీలు ఉన్నాయి, రాయకపోతే పేషెంటు పక్క క్లినిక్కి వెళ్తాడని.

గ్లూకోజ్ బాటిల్ లెక్క ఒకసారి చూడండి. అయిదు శాతం గ్లూకోజ్ అరలీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర, మిగతాది నీళ్లు. ఇంట్లో టీ చెంచాతో అయిదారు చెంచాలు. నోటితో తాగగలిగిన మనిషికి అది నరంలోకి ఎక్కించి వందల రూపాయలు తీసుకోవడం ఒక ఎత్తు, షుగర్ పేషెంటుకి ఎక్కించడం ఇంకో ఎత్తు. ఇక ఆ ఇంజెక్షన్లు. జ్వరం గంటలో దిగిపోవడానికి కొందరు డెక్సా అనే స్టెరాయిడ్ కలుపుతారు, పేషెంటు లేచి కూర్చుంటాడు, డాక్టర్ చెయ్యి మంచిదని పేరొస్తుంది, షుగర్ ఆకాశానికి వెళ్తుంది. మీ అత్తగారికి అదే జరిగిందని చీటీ చూడకుండా నేననను, కానీ పాత చీటీలు ఉంటే తీసి చూడండి. ఈసారి ఎవరు ఇంజెక్షన్ తీసినా "ఇది ఏం మందండీ, ఈవిడకి షుగర్ ఉంది" అని అడగండి. అడిగితే కోప్పడే మనిషి దగ్గర వేయించకండి.

యాంటీబయాటిక్ ఫ్లూ మీద పనిచేయదు. 2023 మార్చిలో హెచ్3ఎన్2 అనే ఫ్లూ రకం జోరుగా ఉన్నప్పుడు డాక్టర్ల సంఘం ఐఎంఏ తన సభ్యులకే ప్రకటన ఇచ్చింది, ఈ జ్వరాలకి అజిత్రోమైసిన్, అమాక్సిసిలిన్-క్లావ్ లాంటివి రాయకండని. జ్వరం మూడు రోజుల్లో తగ్గుతుంది, దగ్గు మూడు వారాల దాకా ఉండొచ్చు అని కూడా అందులో చెప్పారు. ఈ రెండో ముక్క గోడ మీద రాసుకోదగ్గది. పదో రోజున దగ్గు ఇంకా ఉందని మెడికల్ షాపుకి వెళ్లి ఒక 'కోర్సు' కొనుక్కునేవాళ్లే ఎక్కువ.

మరి ఇంట్లో ఏం వాడాలి? జ్వరానికి పారాసిటమాల్, అది ఒక్కటే. పెద్దవాళ్లకి 500 లేదా 650 మాత్ర, కనీసం ఆరు గంటల తేడాతో, రోజుకి నాలుగుకి మించకుండా. జలుబు మాత్రల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది, రెండూ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది, స్ట్రిప్ వెనక చదవండి. మీకు కూడా పారాసిటమాలే, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి వెళ్లకండి. ఆ మాటకొస్తే వానాకాలంలో ఇంట్లో ఎవరికీ వద్దు, వచ్చిన జ్వరం డెంగీ అయితే ఆ మందులతో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

పాప మందు దగ్గర మాత్రం నిదానంగా చదవండి. డోసు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు. పాప 14 కిలోలుంటే ఒక్కోసారికి 140 నుంచి 210. ఇప్పుడు సీసా తీసి అట్ట మీద చూడండి, '5 మి.లీ.కి 250' అని ఉంటే 3 నుంచి 4 మి.లీ., '5 మి.లీ.కి 120' అని ఉంటే 6 నుంచి 8 మి.లీ. రంగు ఒకటే, రుచి ఒకటే, పేరు కూడా ఒకటే ఉంటుంది, బలం సగం. ఇవి కాక డ్రాప్స్ ఉన్నాయి, పసిపిల్లలకని చిన్న సీసాలో వచ్చేవి. వాటిలో ఒక్క మి.లీ.లోనే 100 మిల్లీగ్రాములు. చిన్న సీసా కదా, తేలిక మందు అనుకుని ఒక తండ్రి సిరప్ చెంచాతో అయిదు మి.లీ. డ్రాప్స్ పట్టి నా దగ్గరికొచ్చాడు, అంటే ఒకేసారి 500. అదృష్టం, ఒక్కసారే పట్టాడు. వంటింటి చెంచా వాడకండి, సీసాతో వచ్చిన గీతల మూత గానీ, సిరంజి గానీ వాడండి. నిమెసులైడ్ ఉన్న సిరప్ ఎవరిచ్చినా పట్టకండి, 12 ఏళ్లలోపు పిల్లలకి దాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. యాస్పిరిన్ కూడా వద్దు.

దగ్గు మందు వద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కల్తీ దగ్గు మందు తాగి పసిపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు, డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం అందులో ఉందని తేలింది. ఆ అక్టోబరులోనే కేంద్ర ఆరోగ్యశాఖ రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్లలోపు వాళ్లకి కూడా మామూలుగా అక్కర్లేదని చెప్పింది. కల్తీ లేకపోయినా ఈ వయసులో వాటివల్ల ఒరిగేది ఏమీ లేదు. పడుకునే ముందు అర చెంచా తేనె నాకించండి, ఏడాది దాటిన పిల్లలకి అది మంచిదే, ఏడాదిలోపు వాళ్లకి మాత్రం ప్రమాదం. ముక్కు మూసుకుంటే ఉప్పునీటి చుక్కలు. బకెట్‌లో మరిగే నీళ్లు పెట్టి పాపకి దుప్పటి కప్పి ఆవిరి పట్టడం వద్దు, ఒళ్లు కాలి వచ్చిన పిల్లలని చూశాను. మీ అత్తగారికి మిరియాల చారు, శొంఠి కాఫీ, ఆవిడ ఏది అడిగితే అది, కాకపోతే శొంఠి కాఫీలో బెల్లం లేకుండా. లంఖణం పరమౌషధం అని ఆవిడ చేత మాత్రం పస్తులుంచకండి. షుగర్ మాత్రలు వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది. ఇన్సులిన్ వాడుతుంటే జ్వరమని ఆపేయకూడదు, రోజుకి మూడు నాలుగుసార్లు గ్లూకోమీటర్‌తో చూస్తూ డోసు డాక్టర్‌ని అడగాలి.

ఫ్లూకి అసలు మందు ఒకటుంది, ఒసెల్టామివిర్. అందరికీ అక్కర్లేదు, చీటీ లేకుండా కొనకూడదు. కానీ మీ ఇంట్లో ఇద్దరికి అది ముఖ్యం, మీకూ అత్తగారికీ. జ్వరం మొదలైన 48 గంటల్లో వేస్తే బాగా పనిచేస్తుంది, కాబట్టి మీ ఇద్దరి విషయంలో 'రెండు రోజులు చూద్దాం' అనే మాట లేదు, మొదటి రోజే డాక్టర్‌కి చూపించండి. పరీక్ష రిపోర్టు కోసం కూడా ఆగక్కర్లేదు. గర్భిణులు, పెద్దవయసు వాళ్లు, షుగర్, గుండె జబ్బులున్నవాళ్లు, ముప్పు పెంచే వేరే జబ్బులున్న పిల్లలు అయితే లక్షణాలు చూసి మందు మొదలుపెట్టమనే కేంద్ర ప్రభుత్వం స్వైన్ ఫ్లూ మార్గదర్శకాల్లో ఉంది. ముక్కులోంచి శాంపిల్ తీసే పరీక్ష ఆయాసం వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సినవాళ్లకే అవసరమని కూడా అందులోనే ఉంది. పాపకి మందు కావాలా అన్నది పిల్లల డాక్టర్ చూసి చెప్తారు. మీ ఆయనకి మందూ వద్దు, పరీక్షా వద్దు, విశ్రాంతి చాలు.

పాప విషయంలో థర్మామీటర్ కన్నా ఊపిరి చూడండి. 103 ఉన్నా మందు పడగానే లేచి ఆడుకునే పిల్ల గురించి నాకు టెన్షన్ ఉండదు. 100 దగ్గరే ఉండి డొక్కలు ఎగరేస్తున్న పిల్ల గురించి ఉంటుంది. నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో నిమిషం పెట్టుకుని పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో లెక్కపెట్టండి. మూడేళ్ల పిల్లకి నిమిషానికి 40, అంతకన్నా ఎక్కువ ఉంటే ఆ రాత్రే బయల్దేరండి. మగతగా పడి ఉన్నా, ఎనిమిది గంటలుగా ఒంటేలుకి వెళ్లకపోయినా, ఫిట్స్ వచ్చినా అంతే. పెద్దవాళ్లకైతే ఆయాసం, ఛాతీ నొప్పి, పొంతన లేని మాటలు, కరోనా అప్పుడు కొన్న ఆక్సీమీటర్‌లో 94 కన్నా తక్కువ. ఇంకొకటి, జ్వరం తగ్గి రెండు రోజులు బాగుండి మళ్లీ తిరగబెడితే నిమ్ము చేరిందేమో చూపించాలి, యాంటీబయాటిక్ అవసరం పడేది అలాంటప్పుడే. దగ్గు జలుబు ఏమీ లేకుండా జ్వరం, కళ్ల వెనక నొప్పి ఉంటే డెంగీ అనుకోండి, అప్పుడు మొదటి అయిదు రోజుల్లో ఎన్ఎస్1 పరీక్ష. డెంగీలో జ్వరం దిగిన రోజే అసలు జాగ్రత్త పడాల్సిన రోజు, కడుపునొప్పి, ఆగని వాంతులు ఉంటే ప్లేట్‌లెట్ల అంకె కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి.

పాపకి జ్వరమొస్తే, జ్వరం మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచేదాకా ప్లేస్కూల్‌కి పంపకండి, మిగతా పిల్లల నానమ్మలూ నానమ్మలే కదా. ఆ నాలుగు రోజులూ పాప పడక నానమ్మ దగ్గర నుంచి మార్చండి. ఇది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. వాళ్ల నాన్న దగ్గర పడుకోబెట్టండి, ఆయనకి అంటుకున్నా వారం పడుకుని లేస్తాడు. మీ చుట్టుపక్కల దొరికితే అత్తగారికి నిమోనియా టీకా గురించి కూడా అడగండి, ఫ్లూ టీకాతో పాటే రెండో చేతికి వేస్తారు, ఇది ఏటేటా అక్కర్లేదు. ఒకేసారి రెండు సూదులంటే ఆవిడ లేచిపోతారనుకుంటే ముందు ఫ్లూది కానివ్వండి.

ఇక పెరుగు. పెట్టండి. పెరుగు వల్ల జలుబు రాదు, ఉన్న జలుబు పెరగదు. జ్వరంలో ఏదీ ముట్టని పిల్ల రెండు ముద్దలు పెరుగన్నం తింటానంటే అంతకన్నా కావాల్సిందేముంది. ఫ్రిజ్‌లోంచి తీసింది కాకుండా, కాస్త చల్లదనం పోయాక కలిపి పెట్టండి, అత్తగారి మాట కూడా కొంత నిలబెట్టినట్టుంటుంది.